మంచు మీద నిలబడ్డ జింకలు

మా పెద్దమ్మకు నా చదువంటే నవ్వులాట. గోపాల్‌పేటలో ఏ పెండ్లికి పోయినా, నీ బిడ్డ ఇంకా పేడలో పురుగులే వెతుకుతోందా అని నలుగురిలో అమ్మను అడిగేది. అబద్ధమూ కాదు. ఉత్తర ధ్రువం దగ్గర తిరిగే రెయిన్‌డీర్ అనే జింకల ఒంట్లో బతికే పురుగుల మీదే నా పరిశోధన. పెద్ద చదువే అని గొణిగి అమ్మ ఊరుకునేది. అది చూసి నాకు ఒళ్లు మండేది. నా గురించి నలుగురిలో చెప్పుకోవడానికి అమ్మకు ఒక మాట ఉండాలని నా పంతం.

కిందటేడు అక్కడ పని ముగించుకుని వచ్చి, అమ్మకు అన్నం పట్టుకుని ఆమె కాసే మా గొర్రెల మంద దగ్గరికి పోయాను. మిట్టమధ్యాహ్నం. చుట్టూ గడ్డి ఉన్నా గొర్రెలు మేయడం మానేసి, ఒకదాని కడుపు కింద ఒకటి ముక్కు దూర్చి గుంపుగా నిలబడ్డాయి. ముక్కులో పిల్లపురుగులను వదిలే ఈగ వచ్చిందంటే అంతే. మా ఇంట్లో పుట్టినవాళ్లకు అది వేరే చెప్పనక్కర్లేదు.

నేను తీసిన వీడియో ఫోన్‌లో చూపించాను. కొండ కింద పచ్చిక. జింకలు మాత్రం పైన కరగకుండా మిగిలిన కాస్త మంచు మీద తలలు వంచుకుని నిలబడ్డాయి. అమ్మ ఎంగిలి చేత్తోనే ఫోన్ లాక్కుంది.

"మేత ఇడిసిపెట్టి మంచు మీద ఏం చేస్తున్నయి బిడ్డా? ఈగనా?"

ఈగే అన్నాను. చల్లటి చోటికి ఈగలు పెద్దగా రావు. ముక్కులో పురుగులు వదిలేది ఒకటి, వెంట్రుకలకు గుడ్లు పెట్టేది ఇంకొకటి. ఆ గుడ్ల పిల్లలు చర్మం కింద చేరి చలికాలమంతా పెరుగుతాయి. ఎండలు ముదిరితే ఈగలు ఎక్కువ రోజులు ఎగురుతాయి, జింకలు సరిగా మేయలేక బక్కచిక్కిపోతాయి. అమ్మ తినడం మరిచిపోయి వింది.

వారం తిరక్కుండా మేనమామ ఇంట్లో పుట్టువెంట్రుకల పండుగ. పెద్దమ్మ మళ్లీ మొదలుపెట్టింది. నేను నోరు తెరవబోతే అమ్మ చెయ్యి పట్టి ఆపింది. మా గొర్రెల దగ్గర మొదలుపెట్టి ఆ మంచు దాకా అంతా తనే చెప్పింది. నేను చెప్పని రెండు తోడేళ్లను కూడా కలిపింది. నేను అడ్డం పోలేదు. ఎక్కడి జింకలకో ఈగ వాలితే మనకేంది అంది పెద్దమ్మ.

"మన గొర్లకు ఈగ ముసిరితె నేనుంట అక్కా. గవిటికి ఆ మంచొక్కటే దిక్కు. గది గూడ కరిగిపోతుందంట. గప్పుడు గవి యాడ నిలవడ్తయో ఎవరన్న చూడాలె గదా. నా బిడ్డ గదే చూస్తుంది."

పెద్దల ముందని కూడా చూడకుండా, అమ్మ పక్కన కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.