మూడు గంటలకు పీట లాగిన చప్పుడు

నేను ముప్పై రెండేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని. బడి వెనక చింతచెట్టు మీద ఏదో ఉందని ఆడపిల్లలు జడుసుకుంటే, వారం రోజులు నా క్లాసు ఆ చెట్టు కిందే పెట్టాను. దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టబోతున్న పిల్లను ఆస్పత్రికి పంపించి, రక్తం తక్కువుందని తేల్పించాను. పెళ్లిళ్లలో ఎవరైనా ఇలాంటి కథ మొదలుపెడితే చేయి కడుక్కునే నెపంతో లేచి వెళ్లిపోతాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు నేను రాయబోయేది ఇంకొకరి నోట వింటే నేనే నమ్మను.

మా ఇల్లు తిరుపతిలో ఒక పాత వీధిలో ఉంది. మా వీధి చివర చిన్న పెరుమాళ్ల గుడి. ఆ గుడికి సాయంత్రం మాల మా ఇంటి నుంచే వెళ్లడం మా అత్తగారి కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. తలస్నానం చేసి, మడి కట్టుకుని, వెనక చిన్న గదిలో పీట మీద కూర్చుని, ఎదురుగా అరిటాకులో పూలు పోసుకుని, తడిపిన అరటినారతో కట్టాలి. కుర్చీలో కూర్చుని ఒళ్లో పూలు వేసుకుని కట్టింది జడలోకి పనికొస్తుంది గానీ స్వామికి పనికిరాదు అనేవారు మా అత్తగారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు రోజుల్లోనే నా వంతు. రిటైరయ్యాక ప్రతిరోజూ మధ్యాహ్నం మూడింటికి నేనూ, మా ఆయన అక్కగారూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. ఆవిడ నాకు వదిన, రెండు వీధుల అవతల ఉంటుంది. అందరూ దాన్ని నా భక్తి అనుకునేవారు. నిజం చెప్పాలంటే భక్తి కంటే నాకు ఆ గంట ఇష్టం. పిల్లల పెళ్లిళ్లు, ఇంటి తగువులు, ఎవరితోనూ చెప్పుకోలేనివి, అన్నీ ఆ గంటలోనే మాట్లాడుకున్నాం. నా జీవితంలో నేను కోరి ఉంచుకున్నది అదొక్కటే.

ఆరేళ్ల కిందట ఎడమ తుంటి అరగడం మొదలైంది. కుడికాలు టప్పుమని పడేది, ఎడమకాలు జర్రుమని ఈడ్చుకుంటూ వచ్చేది. "నీకంటే ముందు నీ కాలు వస్తాదే అలివేలూ" అని వదిన ఎగతాళి చేసేది. అయినా కూర్చోవడం మానలేదు. కుడికాలితో పీటను గోడ దగ్గర నుంచి లాక్కుని, కిటికీ ఊచ పట్టుకుని, మెల్లగా కిందికి దిగి, కూర్చోగానే "గోవిందా" అనేదాన్ని. లేవడానికి మాత్రం వదిన చేయి కావాల్సి వచ్చేది.

పోయిన ఏడాదికి నడకే కష్టమైంది. తుంటి మార్చాలన్నారు డాక్టరుగారు. తుంటిది బంతి గిన్నె కీలు అని, కొబ్బరిచిప్పలో రబ్బరు బంతి తిప్పుతూ ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. ఆ చిప్పా బంతీ నా ఒంట్లోనే మార్చాలంటే భయం వేసింది. ఆ భయంలోనూ నాకు కావాల్సింది ఒక్కటే సంగతి. మళ్లీ కింద కూర్చోగలనా?

డాక్టరుగారు మా ఆయనకూ వదినకూ వివరంగా చెబుతున్నప్పుడు నన్ను ఎక్స్‌రేకి తీసుకెళ్లారు. తిరిగొచ్చి అడిగితే మా ఆయన ఫైలు తిరగేస్తూ ఉండిపోయారు. వదినే నా చేయి పట్టుకుని చెప్పింది. "అడిగినాను అలివేలూ. మూడు నెలలు ఓపిక పట్టమన్నాడు. ఆ తర్వాత నా ఎదురుగా పీట మీద కూచుంటావు, సూడు."

ఆ మాట మీదే సంతకం పెట్టాను. పక్కవాడి నోటుబుక్కులో చూసి రాయకండి, మీకు తెలియకపోతే నన్ను అడగండి అని ముప్పై రెండేళ్లు పిల్లలకు చెప్పినదాన్ని, ఆ ఒక్క ప్రశ్న నేనే వెళ్లి డాక్టరుగారిని అడగలేదు. వదిన అడిగిందంటే నేను అడిగినట్టే అనుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఐదో రోజు ఇంటికొచ్చాను. ముందు గదిలో మంచం వేసి, దాని కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. పడుకుంటే కాళ్ల మధ్య దిండు ఉండాలి. కాలు మీద కాలు వేయకూడదు. కింద పడింది వంగి తీయకూడదు. కుర్చీ ఎత్తుగా ఉండాలి. బాత్రూంలో కూడా ఎత్తు స్టూలు. వాకరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి రావడమే ఆ రోజుల్లో నాకు పెద్ద యాత్ర. ఏ నిబంధన చెప్పినా "మూడు నెలలే కదా" అనుకునేదాన్ని. గోడ మీద క్యాలెండరులో తొంభయ్యో రోజుకు ఎర్ర సున్నా చుట్టి, రోజుకొకటి కొట్టేసుకుంటూ వచ్చాను. మా ఆయన ఆ క్యాలెండరు వైపు చూసేవారు కాదు. ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

మాల వదిన వాళ్లింట్లోనే కట్టేది. "నువ్వు మంచంలో పడుకోని సూస్తా ఉంటే నా చేతులు ఆడవు" అంది. వెనక గదికి గడియ పెట్టేశారు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు, మధ్యాహ్నం మూడు దాటింది. నేను మంచంలో మెలకువగానే ఉన్నాను. మా ఆయన పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్నారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. వంటింటి గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు వినిపించింది. టప్, జర్ర్. టప్, జర్ర్. అలా తొమ్మిది జతలు. తర్వాత కడపరాయి నేల మీద పీట లాగిన చప్పుడు. ఆపైన ఏమీ లేదు.

వంటింటి గుమ్మం నుంచి వెనక గది గోడ దాకా నా కుంటినడకకు తొమ్మిది జతల అడుగులే పడతాయి. అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన లేచి టీవీ పెట్టుకున్నారు.

నొప్పి మాత్రల ప్రభావం అనుకున్నాను. అలాంటివి వేసుకున్నవాళ్లకు లేనివి వినిపిస్తాయని నాకు తెలుసు. తలగడ కింద చిన్న నోటుబుక్కు పెట్టుకుని టైము రాయడం మొదలుపెట్టాను. ఎప్పుడూ మూడుకూ మూడూ పదికీ మధ్యలోనే. గట్టి మాత్రలు ఆపేశాక కూడా చప్పుడు ఆగలేదు. మా ఇంటిపైన ఉత్త మిద్దె, అద్దెవాళ్లు లేరు. పందికొక్కు అనుకుందామంటే పందికొక్కు ఒక కాలు ఈడ్చుకుంటూ నడవదు. విన్న ప్రతిసారీ ఒక్కటే లోటు కనిపించేది. పీట లాగిన తర్వాత నేను అనే "గోవిందా" మాత్రం ఉండేది కాదు.

కుట్లు విప్పడానికి ఒక నర్సమ్మ మధ్యాహ్నం మూడు కావస్తుండగా ఇంటికి వచ్చింది. ఆమెకు మా ఇల్లు కొత్త. కత్తెర పట్టుకుని వంగి ఉన్న మనిషి ఉన్నట్టుండి తలెత్తింది.

"వెనకాల ఎవురమ్మా, పెద్దామె? కాలు ఈడ్చుకుంటా పోతా ఉండాదే. ఆమెను గూడా ఒకసారి డాక్టరుకు సూపించండి."

"పిల్లిలే" అన్నారు మా ఆయన.

నర్సమ్మ ఆయన మొహం చూసి మళ్లీ కుట్ల మీదికి వంగింది. నా ఒంట్లో భయం కంటే ఊరట ఎక్కువగా ఉండింది, నాకు మతి పోలేదని.

ఆరో వారంలో వాకరు పోయి చేతికర్ర వచ్చింది. ఒకరోజు మూడున్నరకు, మా ఆయన పెరట్లో బట్టలు తీస్తుంటే, కర్ర పట్టుకుని వెనక గదికి బయలుదేరాను. రెండు కాళ్లూ సమానంగా పడుతున్నాయి. జర్రుమనే చప్పుడు నా నడకలో ఎక్కడా లేదు. బయట గడియ పెట్టినట్టే ఉంది. తీసి చూశాను.

పీట గోడకు జానెడు దూరంలో, నేను లాక్కునే చోట వేసి ఉంది.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. నాకోసమే సిద్ధం చేసి పెట్టారనుకున్నాను.

"ఏమండీ, పీట అప్పుడే ఏసి పెట్టినారే! ఇంకా ఏడు వారాలుండాది గదా" అని కేకేశాను.

ఆయన బట్టలతో వచ్చి, గదిలోకి చూసి, ద్వారబంధం పట్టుకున్నారు.

"దీన్ని ఎవురు దించినారు?"

"దించేదేంది?"

"నువ్వు ఆస్పత్రిలో చేరిన పొద్దే అటక మీద పెట్టేసినాను గదా. నిచ్చెనేసుకోని, నా చేతుల్తోనే."

అన్నాక ఆయనకు అర్థమైంది, ఏమన్నారో. నాకూ అర్థమైంది.

మూడు నెలలు వాడని పీటను గోడకు ఆనించి పెడతారు. అటక ఎక్కించేది ఇక ఆ ఇంటికి అక్కర్లేని వస్తువును. ఎందుకు పెట్టారని అడిగాను. ఆయన చేతిలో బట్టలు మడత పెడుతూ నిలబడ్డారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన బట్టలు మడత పెట్టడం అదే మొదటిసారి చూశాను.

సాయంత్రం వదిన మాల తెచ్చింది. నా ఎత్తు కుర్చీ ముందు, ఎప్పటి అలవాటు కొద్దీ, నేల మీద హాయిగా చతికిలబడింది. అలా కూర్చోవడం చూడగానే నాకు ఒళ్లు మండింది. డాక్టరు ఆరోజు నిజంగా ఏమన్నాడని అడిగాను. ఆవిడ ముందు తమ్ముడి వైపు చూసింది. తర్వాత చెప్పింది. కింద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం ఈ జన్మకు కుదరదట. కూర్చుంటే కీలు జారిపోతుందట.

"చెప్పింటే ఒప్పుకుంటావా నువ్వు? మంచానికి అతుక్కోని పోతాంటే సూస్తా ఉండమంటావా? నీ మంచికే చెప్పినాను."

"నా మంచి ఏందో నన్ను అడగాల్సింది వదినా" అన్నాను.

ఒప్పుకునేదాన్నేమో. ఏడ్చి, నాలుగు రోజులు అన్నం మానేసి, ఆఖరికి సరే అనేదాన్నేమో. పీట మీద చివరిసారి కూర్చుంటున్నానని తెలిసి కూర్చునేదాన్ని. ఆ రోజు మాల కాస్త పొడుగ్గా కట్టుకునేదాన్ని. ఆ అవకాశమే నాకు లేకుండా చేశారు. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని పూలు కట్టిన మనిషి నా చెవిలో పువ్వు పెట్టింది. కట్టుకున్న మనిషి నేను క్యాలెండరులో గీతలు కొట్టుకుంటుంటే నలభై రోజులు చూస్తూ ఊరుకున్నాడు. పరాయివాళ్లు చేస్తే మోసమంటాం. ఇంట్లోవాళ్లు చేస్తే మంచికే అంటారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఇంకొకటి ఒప్పుకున్నారు. ఆ చప్పుడు మొదటి రోజు నుంచీ ఆయనకూ వినిపిస్తోందట. నేను జడుసుకుంటానని టీవీ పెట్టేవారట. అదీ నా మంచికే.

పీట ఎలా దిగిందో తెలుసుకోవడానికి నేను చేయగలిగిందంతా చేశాను. మరుసటి రోజు పక్కింటివాళ్ల నిచ్చెన తెప్పించి మా ఆయనను అటక ఎక్కించాను. అక్కడ దుమ్ము మధ్యలో పీట అంత మేర శుభ్రంగా ఉందట. అంటే అది అక్కడ ఉన్న మాట నిజం. మాకు సొంత నిచ్చెన లేదు. నేను ఆస్పత్రిలో చేరిన రోజు తర్వాత పక్కింటివాళ్లు ఎవరికీ ఇవ్వలేదన్నారు. వదినకు స్టూలెక్కితేనే కళ్లు తిరుగుతాయి. పనిమనిషి ఆ గది గడియ తీయలేదని ఒట్టు పెట్టింది. ఎవరో అబద్ధం చెబుతుండవచ్చు. మా ఇంట్లో అది జరగని పని కాదని ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఆ చప్పుడు ఎవరు చేయగలరు?

తొంభయ్యో రోజున డాక్టరుగారిని నేనే అడిగాను. ఆయన నవ్వి, "అమ్మా, ఆ ఒక్కటీ అడక్కండి" అన్నారు. నన్ను అటూ ఇటూ నడిపించి, కుంటినడక పూర్తిగా పోయిందని మెచ్చుకున్నారు. ఎక్కడికి పోయిందో ఆయనకు చెప్పలేదు.

పీటకు కాళ్లు కొట్టించి స్టూలు చేయిస్తానన్నారు మా ఆయన. గదిలో పుణ్యాహవచనం చేయిద్దామంది వదిన. రెండూ వద్దన్నాను. పీట అక్కడే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. వదిన రోజూ మాల తెచ్చి చూపిస్తుంది. బాగుందంటాను. ఇద్దరం మాట్లాడుకుంటాం, వంటల గురించి, ఎండల గురించి. చెప్పుకోవాల్సినవి మాత్రం చెప్పుకోం.

ఏడాది దాటింది. నొప్పి లేదు. బజారుకు నడిచే వెళ్లి వస్తున్నాను. నాకు దయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ లేదు. బతికున్న మనిషికి దయ్యం ఏమిటి? నా నోటుబుక్కులో టైములున్నాయి, నర్సమ్మ సాక్ష్యం ఉంది, అటక మీద దుమ్ములో జాడ ఉంది. వీటన్నిటికీ కలిపి ఒక్క కారణం నేను చెప్పలేకపోతున్నాను.

మధ్యాహ్నం మూడైతే మా ఆయన చేయి రిమోటు మీదికి పోతుంది. ఇప్పుడు పెట్టనివ్వడం లేదు. తొమ్మిది జతల అడుగులు లెక్కపెడతాను. పీట లాగిన చప్పుడు వినిపిస్తుంది. కిటికీ ఊచ పట్టుకుని మెల్లగా దిగడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. అంతసేపు ఆగి, ముందు గదిలో ఎత్తు కుర్చీలో కూర్చునే, "గోవిందా" అని నేనే అంటాను.