బండిలో లంగరు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్తల్లో మా బావగారికి కాశీ పిచ్చి పట్టింది. నిజానికి ఆ కోరిక ఆయన తల్లిగారిది. అక్కయ్యకు అత్తగారు కనుక నాకూ ఆవిడ అత్తయ్యగారే. కళ్లు పూర్తిగా మసకబారకముందే గంగలో మునిగి రావాలని, పెట్టెలో దాచుకున్న కాసులపేరు తీసి కొడుకు చేతిలో పెట్టారు. దానితో బావగారు గూడుబండి చేయించారు.

ఇక సర్దుడు మొదలైంది. రామ రామ! చుట్టూ నీళ్లున్న మా అమలాపురం వైపు ప్రయాణమంటే పడవే. బండెక్కి దూరదేశం పోయినవాడు మా ఊళ్లో లేడు. అందుకని బావగారు బండినీ పడవలాగే సర్దారు. కొబ్బరిపీచు మోకులు, నీళ్ల పీపా, తెరచాప గుడ్డ, చివరికి పాత పడవ తాలూకు ఇనప లంగరు కూడా ఎక్కింది.

"బండికి లంగరెందుకు బావా?" అన్నాను.

"నీకేం తెలుసోయ్! ఎద్దులు బెదిరి పరిగెడితే?"

"కాస్త గడ్డి పడేస్తే ఆగవూ?"

"నోరు ముయ్యి. బయల్దేరేముందు అపశకునం పలక్కు."

పైగా దారిలో నైజాం రాజ్యం తగులుతుంది. పరాయి రాజ్యంలో మేకు కూడా దొరకదని ఎవడో చెప్పాడట. ఆ చెప్పినవాడు గోదారి అవతలి ఒడ్డునున్న కోటిపల్లి దాటి ఎరగడు. ఇంకేముంది, మేకుల సంచి, బాడిస, రంపం, మారు ఇరుసు, కందెన కుండ అన్నీ వచ్చాయి. మేకు కొట్టబోయి వేలు కొట్టుకునే ఘనుడికి వడ్రంగి సామానంతా కావలసివచ్చింది! వాటి మీద ఆవకాయ జాడీలు, కొబ్బరికాయల బస్తా, పరాయి రోళ్లమీద నమ్మకం లేక మనింటి రోలు.

అత్తయ్యగారు రోజూ వచ్చి గూడులోకి తొంగిచూసేవారు.

"ఒరే నాయనా, నేను కూర్చునే చోటేదిరా?"

"అదుగోనమ్మా, ఆ మూల."

మర్నాటికి ఆ మూలలో పెసరపప్పు బస్తా ఉండేది. అక్కయ్య తెగించి దింపిస్తే, బావగారు మళ్లీ ఎక్కించారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ప్రయాణం నాడు ఎద్దుల్ని కడితే బండి మూలిగింది తప్ప కదల్లేదు. నలుగురం తోశాం. కోటిపల్లికి దాటించే రేవుదాకా అత్తయ్యగారు చెంబూ చిన్న మూటా పట్టుకుని, తన బండి వెనకాల తానే నడిచారు.

రేవులో బల్లకట్టు నడిపేవాడు బండి చుట్టూ తిరిగి చూశాడు.

"సగం దింపెయ్యండి బాబూ. లేపోతే గోదారి తల్లికి సారె పెట్టినట్టేనండీ."

"ఇవన్నీ కావాలోయ్!"

"ఆయ్, కావాలండీ. ములిగిపోద్దండీ."

బావగారు లంగరు దింపి మళ్లీ ఎక్కించారు. రోలు దింపి మళ్లీ ఎక్కించారు. చివరికి చెమటలు కక్కుతూ తల్లివైపు తిరిగారు.

"అమ్మా, ఈసారికి నువ్వు ఆగు. నీ పేరు చెప్పి నేను మునిగి, గంగ తెచ్చిపెడతాను."

ఆవిడసలు బండిలో ఉంటే కదా దింపడానికి! కాలినడకన కాశీ పోయే గుంపొకటి బల్లకట్టు ఎక్కుతుంటే, అత్తయ్యగారు వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నారు. నా దుప్పటి ఆవిడ ఒళ్లో పడేశాను. బావగారు ఒడ్డున "అమ్మా! అమ్మా!" అని కేకలు పెట్టారేగాని బండిని వదిలి అడుగు వెయ్యలేదు. సామాను ఎవరైనా ఎత్తుకుపోతారని భయం.

మరుసటేడు మామిడి పూతవేళ ఆవిడ తిరిగొచ్చారు. నల్లబడి, సగమయ్యారు. చేతిలో మూతికి లక్క వేసిన గంగచెంబు ఉంది. రేవు నుంచి వెనక్కి మళ్లించిన బండి వాకిట్లోనే ఉంది, గూట్లో పిల్లి ఈనింది. బావగారు తల్లి కాళ్లమీద పడి ఏడ్చారు. ఏడ్చి, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది, "దారిలో ఏం లోటు పడిందమ్మా? చెప్పు, ఈసారి అన్నీ సర్దుతాను" అన్నారు.

అత్తయ్యగారు చెంబు లక్క పగలగొట్టి ఆయన దోసిట్లో గంగ పోశారు.

"అన్నీ దొరికాయి నాయనా. నైజాంలో మేకులు కూడా ఉన్నాయి. కొడుకొక్కడే లోటు."

బావగారి వేళ్ల సందుల్లోంచి గంగ కారసాగింది.

"కింద పొయ్యకు," అన్నారావిడ. "మోసుకొచ్చాను, తాగు."