ఎత్తి తాగిన రెండు గుక్కలు

నేను తాగింది మంచినీళ్ళు కాదని మింగేశాకే తెలిసింది. కొండనాలుక దగ్గర సబ్బు జారుడు, ఆ వెంటనే గుండెల మధ్య నిప్పు. ముప్ఫయ్యేళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. ఏం తాగానో ఒకరు చెప్పక్కర్లేదు. పైగా దాన్ని కలిపింది నేనే.

మాది రామచంద్రపురం. అప్పటికి రిటైరై ఐదు నెలలు. వంటింటి సింకులో నీళ్ళు దిగడం లేదని మా ఆవిడ వరలక్ష్మి అంటే, ప్లంబరెందుకు, నేను లేనా అని కాస్టిక్ సోడా పలుకులు తెచ్చాను. గ్లౌజులు, కళ్ళజోడు పెట్టుకుని, ప్లాస్టిక్ బకెట్లో నీళ్ళు పోసి, పలుకులు కొద్దికొద్దిగా వేశాను. పలుకుల మీద నీళ్ళు పోస్తే వేడికి చిమ్ముతాయి. అల్యూమినియం గిన్నె వాడితే గిన్నెనే తినేస్తుంది. ఇవన్నీ క్లాసులో చెప్పినవే. సగం సింకులో పోస్తే, పేరుకున్న జిడ్డు సబ్బుగా మారి దారి వదిలింది. మిగిలింది చల్లారాక బాత్రూముకి పనికొస్తుందని ఖాళీ మంచినీళ్ళ సీసాలో పోసి గట్టు మీద పెట్టాను. చూడ్డానికి అది నీళ్ళే, వాసన కూడా ఉండదు. మధ్యాహ్నం బజారు నుంచి ఎండన పడి వచ్చి ఆ సీసానే అందుకున్నాను.

ఎంగిలవుతుందని మా ఇంట్లో ఎవరం సీసాకి మూతి ఆనించం. తల పైకెత్తి ధారగా గొంతులో పోసుకుంటాం. ఆ ధారలోనే రెండు గుక్కలు దిగిపోయాయి.

పక్కింటి పిన్నిగారు నిమ్మరసం పిండుకొచ్చారు. వద్దని చెయ్యి ఊపాను. క్షారం మీద ఆమ్లం పడితే లోపల ఇంకా వేడి పుడుతుంది. వాంతి కూడా చేయించనివ్వలేదు. దిగేటప్పుడు కాల్చింది ఎక్కేటప్పుడూ కాలుస్తుంది. నోరు కడుక్కుని, పలుకుల ప్యాకెట్ చేత్తో పట్టుకుని కాకినాడ ఆస్పత్రికి వెళ్ళాను. వెళ్ళేసరికి గొంతు వాచి మాట పోయింది.

ఎండోస్కోపీ చేసి గ్రేడ్ టూ-బి, అంటే లోతుగానే కాలిందన్నారు. "సింకులో జిడ్డుకి ఏం చేసిందో మీ ఫుడ్ పైపు గోడకీ అదే చేసిందండి మాష్టారూ," అన్నారు డాక్టరుగారు. తర్వాత మా ఆవిడని పక్కకి పిలిచారు గానీ, నాకు వినబడుతూనే ఉంది. "పెదాల మీద బర్న్స్ లేవమ్మా. నాలుక ముందు భాగం శుభ్రంగా ఉంది. పొరపాటున నోట్లో పోసుకున్నవాళ్ళు వెంటనే ఉమ్మేస్తారు. ఈయన నేరుగా మింగేశారు. ఇంట్లో ఏమైనా ఇబ్బందులా అండీ?"

ఆవిడ తలుపు దగ్గరనుంచి నా వంక చూసింది. అంతకు నాలుగు రోజుల ముందే, ఇంక నేనుండి చేసేదేముంది అని ఆవిడతో అన్నాను. కాఫీ ఆలస్యమైందని విసుగులో అన్న మాట అది.

మెడికో-లీగల్ కేసని కానిస్టేబుల్ వచ్చాడు. కాగితం మీద 'నీళ్ళనుకున్నాను' అని రాసిచ్చాను. అతను మర్యాదగానే అడిగాడు. "కెమిస్ట్రీ మాష్టారై ఉండి నీళ్ళనుకున్నానంటే ఎలా రాసుకోమంటారండి?" నాకు ఒళ్ళు మండిపోయింది. అరుద్దామంటే గొంతు లేదు. ముక్కులో ట్యూబు, చేతికి సెలైను. నేను చెయ్యని పని ఒకటి నా పేరున రాసేస్తుంటే చూస్తూ పడుకున్నాను. రోజూ సైకియాట్రిస్ట్ మేడమ్ వచ్చి, నేను ఏం రాసినా మెల్లగా తలూపేవారు.

పన్నెండో రోజున, మాట కాస్త పెగిలాక, సిస్టర్ కొంచెం నీళ్ళు తాగి చూడమని గ్లాసిచ్చింది. అలవాటుగా తలెత్తి పైనుంచి పోసుకున్నాను. పొలమారింది. సిస్టర్ కేకలేసింది. మేడమ్ మాత్రం, "ఎప్పుడూ ఇలాగే తాగుతారా మీరు?" అన్నారు. ఊపిరి తిప్పుకుని, "పుట్టినప్పట్నుంచీ అండి," అన్నాను. ఆవిడ డాక్టరుగారిని పిలిపించి మళ్ళీ పోసుకోమన్నారు. పెదాలూ నాలుకా ఎందుకు కాలలేదో ఇద్దరికీ అర్థమైంది, కేసు షీటులో 'కావాలని' పోయి 'పొరపాటున' అని మారింది.

కాగితం మీద బయటపడ్డాను. ఇంట్లో మాత్రం బయటపడలేదు. నేను ఎలా తాగుతానో వరలక్ష్మికి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు, ఆవిడ పట్టుకున్నది ఆ కాఫీ నాటి మాటని. నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి బాత్రూము గడియ ఊడదీయించింది. నేను లోపలుంటే బయట కుర్చీ వేసుకుని కూర్చునేది. వీధి గుమ్మం దాటితే వెనకే వచ్చేది. సొంత ఇంట్లో ఖైదీనైపోయాను. కోపంతో మాట్లాడడం తగ్గించాను. తగ్గించేకొద్దీ ఆవిడ కాపలా పెరిగింది.

ఐదో వారానికి ఇడ్లీ ముక్క అడ్డం పడడం మొదలైంది. తర్వాత మెత్తటి అన్నం కూడా. మళ్ళీ ట్యూబు వేస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. కంచంలో సగం వదిలేసి లేచిపోయేవాణ్ణి. ఆవిడ ఆ కంచం తీస్తూ కళ్ళు తుడుచుకునేది. బట్టలు వదులైపోయాయి. ఉమ్ము కూడా దిగని రోజొకటి వచ్చింది.

ఆ రోజు ఆవిడ కంచం తియ్యకుండా ఎదురుగా కూర్చుంది.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పండి. ఆ రోజు కావాలనే తాగారా?"

"లేదు."

"మరి అన్నం ఎందుకు మానేశారు?"

"మాన్లేదే. దిగట్లేదు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ."

"నువ్వు ముందే అడగొచ్చు కదే."

ఇద్దరం ఏడ్చాం. మర్నాడు బేరియం టెస్టులో స్ట్రిక్చర్ అని తేలింది. కాలిన చోట కండ మాని బిగుసుకుపోయి, పెన్సిల్ ములికి పట్టేంత దారి మిగిలింది. "ఇంకో వారం ఆలస్యమైతే పొట్టకి ట్యూబు పెట్టాల్సొచ్చేదండి," అన్నారు డాక్టరుగారు. బెలూన్ డైలటేషన్ చేశారు, అంటే గొంతులోంచి చిన్న బెలూన్ దించి, ఉబ్బించి, ఆ దారి వెడల్పు చేయడం. మొదట్లో రెండు వారాలకోసారి, ఇప్పుడు రెండు నెలలకోసారి వెళ్తున్నాను. ఎన్నాళ్ళంటే చెప్పలేమంటున్నారు. చారులో పిసికిన అన్నం, పెరుగు, మెత్తటి అరటిపండు తినగలుగుతున్నాను. గారె ఊసెత్తను.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. ఇలాంటి మందు మిగిలితే అప్పుడే బోలెడు నీళ్ళతో డ్రెయిన్లో పోసేయండి. తాగే సీసాలోకి మాత్రం ఏ పరిస్థితిలోనూ ఎక్కించకండి. ల్యాబ్‌లో సీసాకి లేబుల్ లేకపోతే పిల్లలకి మార్కులు కోసేవాణ్ణి. నా వంటింట్లో ఆ నియమం నాకు వర్తించదనుకున్నాను. గొంతు కాలినందుకు నాకంత బాధ లేదు. ఇన్నేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి, కావాలనే తాగారా అని నన్ను అడగాల్సి వచ్చింది.