గట్టు పక్క వరసలు

మొదటిసారి నా చేతికింద ఒక బృందం పనిచేసినప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. బృందమంటే పెద్దదేం కాదు. నేను, పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి, కాంట్రాక్టు మీద ఫీల్డ్ అసిస్టెంటుగా ఉన్న ఒక పెద్దాయన. ఆయన చదివింది ఏడో తరగతి. కానీ పాతికేళ్లుగా మామిడి తోటల్లోనే తిరుగుతున్న మనిషి.

నూజివీడు చుట్టుపక్కల రైతులు పూత మీద తేనెమంచు పురుగు పడుతుందన్న భయంతో ఎడాపెడా మందులు కొడతారు. వాటిని ఎంతవరకు తగ్గించినా కాపు దక్కుతుందో తేల్చడం మా పని. ఆగిరిపల్లి దగ్గర ఒక రైతు తన బంగినపల్లి తోటలో చోటిచ్చాడు. కొన్ని చెట్లకి ఆయన అలవాటు ప్రకారం మందు కొట్టాలి, కొన్నిటికి రెండుసార్లే, కొన్నిటికి అసలు కొట్టకూడదు. గుర్తు కోసం రంగు రిబ్బన్లు కట్టాలి.

రిబ్బన్లు కట్టే రోజున మా పై అధికారి కూడా తోట చూడ్డానికి వచ్చారు. మందు తక్కువ కొట్టే చెట్లన్నీ గట్టు పక్క వరసల్లో వచ్చేలా నేను ప్లాన్ గీశాను. లోపల కొట్టే మందు వాటి మీద పడదని నా ఆలోచన. అధికారికి అది వివరిస్తుండగా పెద్దాయన దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఈ వరసలు వద్దండీ. గట్టు అవతల తోట కౌలుకి తీసుకున్నాయన ట్రాక్టరు పెట్టి మందు కొడతాడు. గాలికి అదంతా ఇటేపే వస్తదండీ."

అధికారి నా మొహంలోకి చూశారు. ఆ చూపులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఏమీ లేదేమో. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి.

"ప్లాన్ గీయడం నా పని. కట్టమన్న చోట కట్టండి చాలు," అన్నాను.

"అలాగేనండీ," అని ఆయన రిబ్బన్లు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ అమ్మాయి కాగితాల అట్ట గుండెకి ఆనించుకుని పక్కనే నిలబడి ఉంది.

ఆ తరవాత రెండు పూతలు చూశాం. వారం వారం వెళ్లి పూత రెమ్మల మీద పురుగులు లెక్కపెట్టేవాళ్లం. పెద్దాయన ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. నిచ్చెన వెయ్యమంటే వేసేవాడు, రెమ్మ వంచమంటే వంచేవాడు. ఏం అడిగినా "అలాగేనండీ" అనేవాడు. ఎదురు మాట్లాడే మనిషి లేకపోతే పని సాఫీగా సాగుతోందని అనుకున్నాను. మందు కొట్టని చెట్ల మీద కూడా పురుగు పెద్దగా కనపడలేదు. నా ఆనందానికి హద్దు లేదు. రైతుల సమావేశం పెట్టి, రెండుసార్లు కొడితే చాలని చెప్పాను.

అందరికంటే ముందు నా మాట నమ్మింది మాకు తోట ఇచ్చిన రైతే. ఆ ఏడాది తోట మొత్తానికి రెండుసార్లే కొట్టించాడు.

మాఘమాసంలో ఫోన్ చేశాడు. "ఒకసారి వచ్చి చూడండి మేడం," అన్నాడు, అంతే. ముగ్గురం వెళ్లాం. లోపలి చెట్ల ఆకులన్నీ జిగురుతో తడిసి, దాని మీద మసి పట్టి నల్లగా ఉన్నాయి. పూత ఎండి రాలిపోతోంది. కొమ్మ కదిపితే పురుగులు చిటపటమని మొహం మీదకి ఎగిరాయి. గట్టు దగ్గరికి వెళ్లాను. ఆ చివరి వరసలు మాత్రం పిందె కట్టి పచ్చగా ఉన్నాయి.

అవతల తోటలో ట్రాక్టరు శబ్దం వినిపించింది. కాసేపటికి మందు తుంపర నా చేతుల మీద పడింది.

రెండేళ్లు మేము కొలిచింది పక్క తోట మందుని.

"ఇది మీకు తెలుసా?" అని పెద్దాయన్ని అడిగాను.

"తెలుసండీ."

"మరి చెప్పరేంటండీ?"

ఆయన నేల వైపు చూస్తూ, "మొదటి రోజే చెప్పానండీ," అన్నాడు.

అమ్మాయి ఏడుస్తోంది. "నేనూ చూశాను మేడం. ఒకసారి ఆకులు తడిగా ఉన్నాయి, మందు వాసన వచ్చింది. చెబుదామనుకున్నాను. ఆయన్ని మీరన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాను."

రైతు అంతా విన్నాడు. కేకలు వేస్తాడనుకున్నాను. "మీరు కావాలని చేశారా ఏంటి," అని తువ్వాలు దులుపుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మా లెక్కలు పనికిరావని, తప్పు నాదేనని రాసి ఇచ్చాను. ప్రాజెక్టు ఆగిపోయింది. నా ఉద్యోగం పర్మనెంటు, దానికి ఏమీ కాలేదు. పెద్దాయన కాంట్రాక్టు మాత్రం ఆ నెలతోనే ముగిసింది. అమ్మాయి వేరే గైడు దగ్గరికి మారింది. మరుసటి ఏడాది రైతు సగం చెట్లు నరికించి ఆయిల్‌పామ్ వేశాడు.

ఇంకో కార్యాలయంలో తోటపని తెలిసిన మనిషి కావాలంటే, ఆ మాట చెబుదామని కిందటేడు పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన లేడు. చింతలపూడి దగ్గర నర్సరీలో పనికి కుదిరి ఆరు నెలలైందట. వారానికోసారి ఇంటికి వస్తాడట. ఆయన భార్య కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది.

"ఆయన నా మీద కోపంగా ఉన్నారా అండీ?" అని అడిగాను.

ఆమె నిజంగానే ఆలోచించింది. "ఏమో అండీ. మీ గురించి ఇంట్లో ఎప్పుడూ ఏమీ అనలేదు," అంది.

నీళ్లు తాగి, ఆ కార్యాలయం ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇచ్చి వచ్చేశాను. ఆయన ఫోన్ చెయ్యలేదని తరవాత తెలిసింది.