కొండంతా తనే ఎక్కిందట

నేను కువైట్‌లో ఒక ఇంట్లో నూరా అనే ఐదేళ్ల పాపను చూసుకుంటాను. ఇంటావిడను మామా అని పిలుస్తాను, వాళ్లు నన్ను మేరీ అంటారు. పోయిన వారం వాళ్లతో థాయిలాండ్ వెళ్లాను. అక్కడి సముద్ర పార్కులో సున్నపురాతి దీవులన్నీ ఒక్కచోట నుంచి చూడాలంటే తాడు పట్టుకుని కొండ ఎక్కాలి. సగం దారిలో నూరా కూలబడింది. మిగతా దారంతా వీపున మోశాను. రాయి తగిలి మోకాలు చీరుకుపోయింది.

ఈ రోజు నూరా నానమ్మ ఫహాహీల్ నుంచి వచ్చింది. నేను టీ పోస్తుంటే, నూరా అరబ్బీలో గొప్పగా చెప్పింది.

"కొండంతా నేనే ఎక్కాను. మేరీ ఎక్కలేక కిందే కూర్చుంది."

నానమ్మ మురిసిపోయి ముద్దు పెట్టుకుంది. మామా ఫోన్ చూసుకుంటూ ఉండిపోయింది.

వంటింట్లోకి రాగానే నూరాను అడిగాను.

"ఏమ్మా, నిన్ను మోసిందెవరు?"

నా దగ్గర నేర్చుకున్న తెలుగులోనే జవాబిచ్చింది.

"నువ్వే. నానమ్మకి చెప్పకు. ఖలాస్."

సాయంత్రం అన్నం తినిపించాను గానీ, రోజూ చెప్పే కథ చెప్పలేదు. ఐదేళ్ల పిల్ల మీద అలిగానంటే మీరు నవ్వుతారేమో. మరి ఆ కొండ మీద నా వెనకే ఎక్కిన మామా ఎందుకు నోరు విప్పలేదో, మీరైనా చెప్పండి.