టేపక్కకి సన్మానం

ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండేది. ఆఫీసు రిజిస్టర్లోనూ, పింఛను కాగితాల్లోనూ తప్ప అది ఎక్కడా వాడకం లేక మూలన పడింది. ఊరంతా ఆమెని టేపక్క అనే పిలిచేది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, కొలతలివ్వడానికి గుడ్డ పట్టుకుని ఆమె గుమ్మమెక్కిన సందర్భాలు కూడా ఉన్నాయి.

"కొలిచే టేపు కాదమ్మా, వినే టేపు," అని ఆమె తమ్ముడి భార్య, మరదలు, వాళ్ళని వీధి చివర దర్జీ దగ్గరికి పంపేసేది.

టేపక్క నీటి సరఫరా ఆఫీసులో టైపిస్టు. పగలంతా పగిలిన పైపుల గురించీ, పని చెయ్యని పంపుల గురించీ ఉత్తరాలు కొట్టేది. సాయంత్రం అయిదున్నరకి మిషను మీద ముసుగు వేసి, పక్క వీధిలోని లైబ్రరీకి నడిచేది. లైబ్రరీ వెనక ఒకప్పుడు పాత పేపర్లు పడేసే గది ఉంది. కిటికీలో బొంత కుక్కి, తలుపుకి దుప్పటి వేలాడగట్టి, అందులో కూర్చుని చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివి టేపుల మీద రికార్డు చేసేది. ఫ్యాను శబ్దం టేపులోకి వస్తుందని నడివేసవిలో కూడా ఫ్యాను వేసేది కాదు. చదివి బయటికొచ్చేసరికి నూతిలోంచి తీసిన చేదలా ఒళ్ళంతా కారుతుండేది.

ఊరికే చదివితే సరిపోదు. "ఇక్కడ ఒక పట్టిక ఉంది, మూడు నిలువు వరుసలు, మొదటి వరుసలో సంవత్సరాలు," అని చెప్పాలి. భూగోళం పుస్తకంలో నది ఏ వైపునుంచి ఏ వైపుకి వంపు తిరిగిందో చెప్పాలి. అర్థశాస్త్రం ఆమెకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా అర్థమైనట్టే చదివేది. ఆ టేపులు విని ఒకమ్మాయి టెలిఫోన్ ఆపరేటరైంది, ఒకాయన బ్యాంకు ఆఫీసరయ్యాడు, ఇంకొకామె పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పే పంతులమ్మైంది. చుట్టుపక్కల ఊళ్ళకి నకళ్ళు వెళ్ళేవి. తర్వాత టేపులు పోయి కంప్యూటర్లొచ్చినా పేరు మాత్రం మారలేదు. అలా ముప్పై ఎనిమిదేళ్ళు చదివింది.

ఇదంతా మొదలైంది ఒక్క పేజీతో.

అప్పుడామెకి ఇరవయ్యారేళ్ళు. తీసుకెళ్ళిన నవల తిరిగివ్వడానికి లైబ్రరీకి వెళ్తే, కౌంటరు దగ్గర ఒక కుర్రాడు లావుపాటి పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. న్యాయశాస్త్రం చదువుతున్నాడట. చూపు లేదు. "ఒక్క పేజీ చదివి పెట్టండి సార్," అని లైబ్రేరియన్ని అడుగుతున్నాడు. లైబ్రేరియన్‌కి ఊపిరి సలపడం లేదు.

"ఇలా ఇవ్వండి, నేను చదువుతా," అంది ఆమె.

చదవడం అయ్యాక అతను చెయ్యి చాచి పుస్తకం తీసుకున్నాడు. తర్వాత, "మీరు కామాల దగ్గర ఆగుతారు. అందరూ ఆగరు," అన్నాడు.

ఆ మాటకి ఆమె పడిపోయింది. పైకి మాత్రం, "కామా పెట్టిందే ఆగడానికి కదండీ, ప్లీడరుగారూ," అంది. చదువు పూర్తి కాకముందే ఆమె ఇచ్చేసిన పట్టా అది. ఆ రోజునుంచి అతన్ని ఆ పేరుతోనే పిలిచింది.

వారానికి నాలుగు సాయంత్రాలు చదివేది. పరీక్షలు దగ్గరపడి అతనికి మళ్ళీ మళ్ళీ వినాల్సిన అవసరం వచ్చింది. లైబ్రరీలో మూలపడున్న టేపురికార్డరుని ఆమె తమ్ముడు బాగు చేసి ఇచ్చాడు. మొదటి టేపు అలా తయారైంది. మూడేళ్ళు గడిచాయి. అతను అబ్బురంగా వింటూ కూర్చునేవాడు. ఆమె ఆస్తి హక్కుల గురించి చదువుతూ అతని ముఖం చూస్తూ కూర్చునేది. ఎంతసేపు చూసినా పట్టుబడే భయం లేదు కదా. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి సిగ్గేసేది. సిగ్గేసినా చూపు తిప్పుకునేది కాదు.

అతను పాసయ్యాడు. వేరే ఊళ్ళో కోర్టులో పని దొరికింది. వెళ్ళే ముందు రోజు లైబ్రరీ మెట్ల మీద, నాన్చకుండా, "నాతో వస్తారా? పెళ్ళి చేసుకుందాం," అన్నాడు.

ఇంట్లో మంచాన పడ్డ తండ్రి, చదువుకుంటున్న తమ్ముడు. కాదనడానికి కారణాలున్నాయి, అవుననడానికి దారులూ ఉన్నాయి. కానీ ఆ క్షణంలో ఆమె నోటివెంట వచ్చింది వేరే మాట.

"చదివి పెట్టే మనిషి కావాలి కాబట్టి అడుగుతున్నారా?"

సగం వేళాకోళంగా అంది. మిగతా సగం నిజంగానే తెలుసుకుందామని. అతని ముఖం దీపం ఆర్పినట్టు అయిపోయింది. "వెళ్ళొస్తానండి," అని కర్ర తట్టుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కామాల దగ్గర ఆగడం తెలిసిన మనిషి ఆ ఒక్క మాట దగ్గర ఆగలేకపోయింది.

తర్వాత ఒకసారి, గదిలో ఒంటరిగా కూర్చుని, టేపు మీద క్షమాపణ చెప్పుకుంది. వెనక్కి తిప్పి విన్నది. అది అచ్చం అర్థశాస్త్రం చదివినట్టే ఉంది. పైగా కోర్టు చిరునామాకి పంపితే ఎవరి చెవిన పడుతుందో ఏమో. దాని మీదే జంతుశాస్త్రం మూడో అధ్యాయం చదివేసింది. మూడేళ్ళకి అతని దగ్గరనుంచి ఒక కార్డు వచ్చింది. ఎవరిదో గుండ్రటి దస్తూరి. పెళ్ళి జరిగిందని, మీ క్షేమం కోరుతున్నానని నాలుగు ముక్కలు. అంతే.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. తండ్రి పోయాడు, తమ్ముడికి ఉద్యోగమొచ్చింది, మరదలొచ్చింది. ఎవరైనా సంబంధం మాట ఎత్తితే, "నాకిప్పటికే బోలెడంత సంసారం, అందరూ పరీక్షలకి చదువుతున్నారు," అని నవ్వేసేది. చదివేటప్పుడు మాత్రం, ఈ నకలు ఏ దారినో ఆ ఊరు చేరి, ఆయన చెవిన పడుతుందేమోనని ప్రతి పుస్తకానికీ ఒకసారైనా అనుకునేది. ఆస్తి హక్కుల పుస్తకం కొత్త ముద్రణ వచ్చినప్పుడు ఎవరూ అడక్కుండానే చదివి పెట్టింది.

రెండేళ్ళ కిందట గొంతులో చిన్న గడ్డ కనబడింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికి ముప్పు లేదన్నారు గానీ, ఆ గొంతు మాత్రం తిరిగి రాలేదు. జల్లెడలో ఇసుక పోసినట్టు ఒక గరగర మిగిలింది. అప్పటినుంచీ టేపక్క మనుషుల్లో మాట్లాడడం తగ్గించేసింది. సాయంత్రం అయిదున్నరయితే కాళ్ళు వాటంతటవే లైబ్రరీ వైపు లాగేవి. ఆ గదిలో ఇప్పుడు ఇద్దరు కాలేజీ పంతుళ్ళు వంతులవారీగా చదువుతున్నారు. వాళ్ళు లేని రోజున వెళ్ళి, పుస్తకం తెరిచి, పెదాలు కదుపుతూ నాలుగు పేజీలు చదువుకుని వచ్చేసేది.

అలాంటి రోజుల్లో పురపాలక సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. జీవితమంతా ఊరికి సేవ చేసిన ఏడుగురిని సన్మానిస్తున్నారట. అందులో టేపక్క ఒకతె.

"నేను రాను. వెళ్తే మాట్లాడమంటారు," అంది.

"రాకపోతే నేను వెళ్ళి నేనే టేపక్కనని చెప్పి ఆ సన్మానం చేయించుకుంటా, మీ ఇష్టం వదినా," అంది మరదలు.

లైబ్రేరియన్, ఇప్పటి లైబ్రేరియన్, పాత రిజిస్టరు తిరగేసి వినేవాళ్ళందరికీ కబురు పంపింది. వస్తామన్నవాళ్ళ జాబితా తెచ్చి చూపించింది. పదిహేడో పేరు దగ్గర టేపక్క వేలు ఆగిపోయింది. పక్కన "ఇద్దరు వస్తున్నారు" అని రాసి ఉంది. టేపక్క జాబితా మడిచి తిరిగిచ్చేసి, మరదలితో, "ఆ నీలం చీర ఇస్త్రీకి ఇవ్వాలి," అంది.

టౌన్‌హాల్లో పదకొండు గంటలకి సభ. ముందు రెండు వరుసలూ ఆమె శ్రోతలవే. మడిచిన కర్రలు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. వాళ్ళలో ఎవరూ ఆమెని చూసినవాళ్ళు కారు. ఆమె కూడా చాలామందిని చూడలేదు. వేదిక మీదనుంచి వరసగా వెతికితే రెండో వరుస అంచున, తెల్లజుట్టుతో, కొంచెం తల వంచి వింటూ, ఆయన కనిపించాడు. ఆ వంపు మారలేదు.

ఆమె వంతు వచ్చినప్పుడు చైర్మన్‌గారు కాగితాలు తారుమారు చేసి, "ఈ తల్లి చేతుల మీదుగా ఆరువేల మంది బిడ్డలు భూమ్మీద పడ్డారు," అని గంభీరంగా చదివారు. పక్క కుర్చీలో సన్మానానికి కూర్చున్న అసలు మంత్రసాని, "పర్లేదండీ, చెరిసగం పంచుకుంటాం లెండి," అంది. హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో టేపక్క గబగబా జ్ఞాపిక అందుకుని కుర్చీ వైపు తిరిగింది. ముందు వరుసలోంచి ఎవరో, "అక్కా, ఒక్క మాట మాట్లాడండి!" అని అరిచారు. ఆ వెంటనే అందరూ అందుకున్నారు.

తప్పలేదు. మైకు ముందు నిలబడి, "అందరికీ నమస్కారం. ఇంత దూరం వచ్చారు, సంతోషం," అంది.

చరిత్ర పంతులమ్మ పక్కనున్నవాళ్ళని, "ఎవరామె? అక్క ఇంకా మైకు దగ్గరికి రాలేదా?" అని అడగడం ఆమెకి స్పష్టంగా వినిపించింది.

టేపక్క మైకు కడ్డీ పట్టుకుంది. "నేనేనమ్మా. ఆపరేషనైంది. ఆ గొంతు పోయింది. ఇప్పుడున్నది ఇదే," అంది.

అప్పుడు బ్యాంకు ఆఫీసరు గట్టిగా, "పర్లేదక్కా, అర్థశాస్త్రం చదివినప్పుడు ఇంతకంటే నీరసంగానే ఉండేది!" అన్నాడు. ముందు అతనే నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. చరిత్ర పంతులమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

సభ అయ్యాక టీలిచ్చే చోట ఒక్కొక్కరూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. చివర్లో ఆయన వచ్చాడు, భార్య భుజం మీద చెయ్యి వేసి. ఆమె కళకళలాడే మనిషి. "మీ గురించి పెళ్ళికి ముందే చెప్పారండీ. తనకి చదువు నేర్పిందెవరంటే మీ పేరే చెబుతారు. మాట్లాడుకోండి, టీ తెస్తా," అని వరుసలోకి వెళ్ళింది.

"ప్లీడరుగారూ," అంది టేపక్క.

"జడ్జిగా రిటైరయ్యాను. అయినా ఫర్వాలేదు, అలాగే పిలవండి," అని ఆయన నవ్వాడు. తర్వాత, "గొంతు మారిందన్నారు. ఆగడం మారలేదు," అన్నాడు.

ముప్పై ఏడేళ్ళుగా దాచుకున్న మాట ఇక ఆగలేదు. "ఆ రోజు మెట్ల మీద నేనలా అనకుండా ఉండాల్సింది."

"తప్పేమన్నారు? నేను కూడా అదే ఆలోచించాను. చదవడానికి అడిగానా, మీ కోసం అడిగానా అని. బస్సెక్కి పది మైళ్ళు వెళ్ళాక తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? ఉత్తరం రాయాలంటే ఇంకొకళ్ళ చేత రాయించాలి. టేపు పంపితే మీ లైబ్రేరియన్ ముందు వింటాడు. రెండేళ్ళు ప్రయత్నించాను. ఆ మాటలు మూడో మనిషికి చెప్పి రాయించడం నా వల్ల కాలేదు. బ్రెయిలీలో నేనే రాద్దామనుకున్నా, కానీ మీకు రాదు కదా."

టేపక్క నేలవైపు చూసింది. "వచ్చు," అంది. "మీరు వెళ్ళిన ఏడాది నేర్చుకున్నా."

ఆయన చేతికర్ర రెండు చేతుల్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎందుకు నేర్చుకున్నారని అడగలేదు. అడిగి ఉంటే ఆమె చెప్పేదే. అంతలో ఆయన భార్య మూడు కప్పులు జాగ్రత్తగా పట్టుకుని వచ్చింది. "ఇద్దరూ ఇలా బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడ్డారేం?" అంది. ముగ్గురూ టీ తాగారు. పిల్లల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఆమె మంచి మనిషి. టేపక్కకి ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

రెండు గంటల బస్సుకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన భార్య తమ ఇంటికి రమ్మని రెండుసార్లు చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు.

టేపక్క, మరదలు ఎండలో ఇంటికి నడిచారు. సగం దారిలో మరదలు, "ఎవరు వదినా ఆ తెల్లజుట్టాయన?" అంది.

"చాలా పెద్ద కథ. నా గొంతుతో చెబితే పొద్దుగూకుతుంది."

"కూర పొద్దున్నే వండేశాను. తొందరేం లేదు."

వీధి మలుపులో మూసేసిన దుకాణం ముందు చిన్న అరుగుంది. మరదలు కొంగుతో దుమ్ము దులిపింది. టేపక్క కూర్చుని, జ్ఞాపిక పక్కన పెట్టి, ఆ గరగర గొంతుతోనే మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి. గొంతు ఆరిపోయినప్పుడల్లా ఆగింది, మళ్ళీ చెప్పింది. మరదలు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.