ట్రాక్షన్ కట్టని రోజు

ట్రాక్షన్ వికటించి ఆ అమ్మాయి కాలు చచ్చుబడిందని తార్నాకలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అసలు ట్రాక్షన్ కట్టనే లేదు. కట్టాల్సినదాన్ని నేను, నా మాట వినాలి.

తొంభైల మధ్యలో తార్నాకలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఫిజియోథెరపిస్టుగా చేరాను. డాక్టరు చీటీ మీద రాసింది చేయడమే మా పని. రోగమేమిటో తేల్చే అధికారం మాకు లేదు. పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో రీసెర్చ్ చేస్తున్న సుజాత ఒక ఉదయం హాస్టల్ నుంచి ఆటోలో వచ్చింది. నడుము నొప్పి, ఎడమ కాలు తిమ్మిరి. డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని మా ఎముకల డాక్టరు పెల్విక్ ట్రాక్షన్ రాశారు. అంటే నడుముకు బెల్టు కట్టి, కాళ్ల వైపు బరువులు వేలాడదీసి లాగడం. అప్పట్లో నడుము నొప్పంటే అదే వైద్యం.

బెల్టు చేతిలోకి తీసుకుంటూ తిమ్మిరి ఎందాకా ఉందని అడిగాను. నిన్నటి నుంచి రెండు కాళ్లూ అంది. డాక్టరుకు చెప్పలేదా అంటే, సారు ఎడమ కాలే అడిగారంది. కర్టెన్ లాగి, బోర్లా పడుకోబెట్టి, తగలగానే చెప్పమని కూర్చునే చోటా తొడల లోపలి వైపూ దూదితో రాస్తూ పోయాను.

“ఇంక షురూ చెయ్యలేదా మేడం?” అంది.

అప్పటికి రెండుసార్లు రాశాను, ఆమెకు తెలియనే లేదు. మూత్రం సంగతి అడిగాను. నిన్న పొద్దుటి నుంచి లేదని, అదేదో మామూలే అన్నట్టు చెప్పింది.

“మా డిపార్ట్‌మెంట్ల ఆడోళ్లకు బాత్రూం లేదు మేడం. నీళ్లు తాగకుంట పోతం. మల్ల హాస్టల్‌కు వచ్చినంకనే.”

“మరి వచ్చాక?”

“కూసున్న. రాలే. ఆపుకొని ఆపుకొని గట్లయిందేమో అనుకున్న.”

పొత్తికడుపు బిందెలా ఉబ్బి, గట్టిగా ఉంది. నొక్కినా ఆమెకు నొప్పి లేదు. నన్ను భయపెట్టింది అదే. వెన్ను చివర గుర్రపు తోకలా ఉండే నరాల గుత్తి మొత్తం నలిగితే ఇలా అవుతుంది. ఆలస్యమైనకొద్దీ పోయింది తిరిగి రాదు.

బెల్టు పక్కన పడేసి ఓపీకి పరుగెత్తాను. చీటీ చదవడం రాదా అన్నారు డాక్టరుగారు, పేషెంట్లందరి ముందూ. చదవడం వచ్చు, తమరు వచ్చి ఒకసారి దూది రాసి చూడండి, అందాకా బెల్టు ముట్టనన్నాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆయన విసురుగా వచ్చి పరీక్ష చేశారు. నర్సుతో క్యాథటర్ వేయించి, అంబులెన్స్‌కు ఫోన్ చేశారు.

నేనూ వెంట వెళ్లాను. దారిలో సుజాత అడిగింది ఒక్కటే.

“మేడం, మల్ల నా అంతట నేను ఒంటికి పోగల్గుతనా?”

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

పెద్దాసుపత్రిలో మైలోగ్రాం తీశారు, అంటే వెన్నులోకి రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. ఆ రోజే ఆపరేషన్. కొన్ని వారాలకు మూత్రం స్వాధీనంలోకి వచ్చింది. ఎడమ పాదం మాత్రం పూర్తిగా లేవలేదు. ఆ నడక చూసే జనం ట్రాక్షన్ కథ అల్లారు.

నడుము నొప్పితో కాలు తిమ్మిరెక్కి వచ్చినవాళ్లను మూత్రం సరిగా వస్తోందా అని అడిగితే చాలదు. ఆడవాళ్లనైతే అసలే చాలదు. చివరిసారి ఎప్పుడు వెళ్లారు, కూర్చుంటే వచ్చిందా, కింద స్పర్శ తెలుస్తోందా అని విడివిడిగా అడగాలి. రిటైరయ్యేదాకా అలాగే అడిగాను.

పేషెంట్లను కాక, వేరేవాళ్లను అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది. ఆ డిపార్ట్‌మెంటు భవనం ప్లాను మీద సంతకాలు పెట్టినవాళ్లలో, ఇందులో చదివే ఆడపిల్లలు పొద్దంతా ఎక్కడికి వెళ్లాలని ఒక్కరైనా అడిగారా?